గంటల తలుపు

మూడో బెజ్జం కూడా చిట్లింది.

సామ్యూల్ డ్రిల్లు మిషన్ ఆపి, వంగి, పొట్టు ఊదాడు. ఊదకముందే తెలుసు అతనికి. తిరిగే బిట్టు కింద కట్టె ఏడ్చినట్టు కీచుమన్నప్పుడే తెలిసిపోయింది. బెజ్జం చుట్టూ టేకు పీచు లేచి, రెండు చోట్ల గోరంత పెచ్చులు ఊడి, లోపలి పచ్చి రంగు బయటపడింది. ఎవరో కొరికి వదిలేసినట్టుంది. "యేసయ్యా" అన్నాడు మెల్లగా, పక్కన ఎవరికీ వినపడకుండా.

కార్వాన్ బస్తీలో కృష్ణయ్య వడ్రంగి కార్ఖానాలో ఆ తలుపు పని మొదలుపెట్టినప్పటి నుంచి అందరి కళ్ళూ దాని మీదే. గుడి గర్భాలయానికి కొత్త తలుపు అది. రెండు రెక్కలు, రెక్క నిండా చదరపు గళ్ళు, గడికొక గుండ్రటి బెజ్జం, బెజ్జంలో వేలాడే చిన్న ఇత్తడి గంట. పూజారి తలుపు తోస్తే గంటలన్నీ ఒక్కసారి మోగాలి. దీపం వెలుగు ఆ బెజ్జాల్లోంచే ముందు బయటికొస్తుంది కాబట్టి, అంచులో వెంట్రుకంత పెచ్చు లేచినా దాచలేరు. సాండ్‌పేపర్ పెట్టి రుద్దితే అంచు ఒరిగిపోయి బెజ్జం కోడిగుడ్డులా తయారవుతుంది. మొదటే శుభ్రంగా పడాలి.

సామ్యూల్ చేసే తీరులో వంక పెట్టడానికేమీ లేదు. చెక్కను ఒక వైపు నుంచి ఆరపార తొలిచే అలవాటే లేదతనికి. బిట్టు నడుమ ఉండే ముల్లు అవతలి వైపు సూదిమొనంత కనపడగానే ఆపేస్తాడు. చెక్క తిరగేసి, ఆ చుక్కలోనే ముల్లు ఆనించి, ఇటు నుంచి తొలుస్తాడు. రెండు బెజ్జాలూ మధ్యలో కలుసుకుంటాయి, ఏ ముఖం మీదా పెచ్చు లేవదు. ఇన్నేళ్ళుగా అట్లాగే చేశాడు. ఈసారీ అట్లాగే చేశాడు. మరి రెండు ముఖాలూ ఎందుకు చిట్లుతున్నాయి? బిట్టుకు బొటనవేలు ఆనించి చూశాడు. చక్కగా పదునుంది. చర్మం తెగేటంత పదునుంది.

ఇక మిగిలింది చెయ్యే.

సరిగ్గా అప్పుడే విఠల్‌రావు వచ్చాడు. ఆ గుడి సేవ వాళ్ళింటిదే, తలుపు చేయించేదీ ఆయనే. మెత్తని మనిషి. గొంతు పెంచడం ఎరగడు. ధోవతి కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని పొట్టులోంచి నడిచొచ్చి, తలుపు రెక్క మీద చెయ్యి పెట్టి, బెజ్జం అంచు చూసి ఆగిపోయాడు.

"కృష్ణయ్యా, గిది గిట్లనే ఉంటదా? తర్వాత సాఫ్ చేస్తరా?"

కృష్ణయ్య మొహం మాడిపోయింది. కార్ఖానా యజమాని, మర్యాదస్తుడు, కానీ గిరాకీ ముందు చిన్నబోవడం ఆయన వల్ల కాదు. చిన్నబోవలసి వస్తే ఎవరినో ఒకరిని ముందుకు తోస్తాడు.

"ఏం జెప్పాలె పంతులుగారూ. మా సామ్యూలన్న మస్తు పనోడు. గాని వయసైంది గదా, చెయ్యి జర వణుకుతున్నది. మీరేం ఫికర్ జెయ్యకుండ్రి. రేపటిసంది మా దీక్షిత్ చేస్తడు."

సామ్యూల్ అక్కడే ఉన్నాడు, చేతిలో మిషన్‌తో సహా. మనిషి ఎదురుగా నిలబడి ఉండగానే మనిషి పోయినట్టు మాట్లాడితే ఎట్లా ఉంటుందో అతనికి ఆ రోజు తెలిసింది. విఠల్‌రావు అతని వైపు జాలిగా చూశాడు. ఆ జాలే మరీ పుండు మీద కారం. సామ్యూల్ మిషన్ బల్ల మీద పెట్టి, కుడిచేయి తీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

దీక్షిత్ కృష్ణయ్య అక్క కొడుకు. కండ తిరిగిన పిల్లగాడు, పని వచ్చినవాడే. ఆ కార్ఖానాలో మిషన్లు సేఠ్ కృష్ణయ్యవి, ఉలులూ బిట్లూ ఎవరివి వాళ్ళవి. ఒకరి ఉలి ఒకరు అడగరు, అది మర్యాద కాదు. కానీ గంటకు సరిపోయే ఆ కొలత బిట్టు సామ్యూల్ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు.

"కాకా, నీ బిట్టు గూడ ఇయ్యరాదే" అన్నాడు దీక్షిత్, కాస్త సిగ్గుపడుతూనే.

సామ్యూల్ ఎడమచేత్తో తీసి ఇచ్చాడు.

మలక్‌పేట బస్తీలో వాళ్ళ ఇల్లు చేరేసరికి రాహేలు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. సర్కారు దవాఖానలో ఆయా ఆమె. రోగం దాచుకునే వాళ్ళను చూసీ చూసీ ఆమె కన్ను డాక్టరు కన్ను కంటే ముందు పోతుంది. మొగుడు ఎడమచేత్తో చాయ్ గ్లాసు అందుకోవడం చూసి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమైంది చెయ్యికి?"

"ఏం గాలే."

"ఏం గాకుంటే జేబుల ఎందుకు పెట్టినవ్? బంగారం దాచినవా? తియ్యి."

తీశాడు. చెప్పాడు. మొదట రెండు ముక్కల్లో చెబుదామనుకున్నాడు కానీ, పంతులు చూసిన చూపుతో సహా అంతా చెప్పేశాడు. రాహేలు అతని చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుని, తిరగేసి, వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసింది.

"వణుకుతలేదయ్యా."

"నువ్వు పట్టుకుంటే ఎట్ల వణుకుతది? ఇడిచి చూడు."

విడిచింది. చాచిన చేతిని ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. మొదట కదలలేదు. చూడగా చూడగా చిటికెనవేలు కదిలినట్టే అనిపించింది. అంతసేపు చూస్తే గోడ కూడా కదిలినట్టే ఉంటుంది, కానీ భయపడ్డ మనిషికి ఆ మాట ఎవరు చెప్పాలి?

"మా బాపుకు గిట్లనే మొదలైంది" అన్నాడు సామ్యూల్. వాళ్ళ బాపు ఎల్లప్ప కూడా వడ్రంగే. చివరికి గ్లాసెడు నీళ్ళు కూడా పక్కనవాళ్ళు పట్టి తాగించాల్సి వచ్చింది.

"పెద్ద డాక్టరుకు చూపిద్దాం. నేను చీటీ రాపిస్త."

"గదే రోగమంటే?"

రాహేలు లేచి వెళ్ళి స్టవ్ మీద అన్నానికి ఎసరు పెట్టింది. ఆ రాత్రి ఆమె తినలేదు. అడిగితే ఉపవాసమంది. మొగుడి చెయ్యి బాగయ్యేదాకా ఒంటిపూటేనట. సామ్యూల్‌కు తన చేతి మీద ఉన్న దిగులు చాలదన్నట్టు ఇది ఇంకొకటి తోడైంది.

మర్నాడు కార్ఖానాలో అతనికి సాండ్‌పేపర్ ఇచ్చారు. ఎవరిదో మంచం కోళ్ళు రుద్దాలి. కొత్తగా చేరినవాళ్ళకిచ్చే పని అది. కూర్చుని రుద్దుతున్నాడు. గంటల తలుపు అతనికి వీపు వైపు ఉంది. కావాలనే అట్లా కూర్చున్నాడు. కళ్ళు తిప్పుకోగలడు కానీ చెవులు మూసుకోలేడు కదా. దీక్షిత్ రెక్క కదలకుండా శికంజా బిగించడం, కింద వేస్టు చెక్క జరపడం, మిషన్ గుయ్యిమనడం అన్నీ వినపడుతున్నాయి. వాడి బెజ్జం మంచిగా పడాలని కోరుకోవాలా, పడొద్దని కోరుకోవాలా? నిజం చెప్పాలంటే సామ్యూల్ రెండూ కోరుకున్నాడు.

మిషన్ కీచుమంది. ఆగింది. ఊదిన చప్పుడు.

"ఏమైందిరా?" కృష్ణయ్య గొంతు.

"మామా, కట్టె మంచిగ లేదే. అంత పీచు కట్టె."

"నేనప్పుడే అనుకున్న! ఆ కట్టె అడితోడు ముంచిండు మనల్ని. నీదేం తప్పు లేదు తియ్యి, కట్టె గట్లుంటే ఎవడేం జేస్తడు?"

సామ్యూల్ చేతిలో సాండ్‌పేపర్ ఆగిపోయింది. చెవులు వేడెక్కాయి. ఆహా, ఏం న్యాయమయ్యా! నా చేతిలో చిట్లితే చెయ్యి చెడ్డది, నీ మేనల్లుడి చేతిలో చిట్లితే కట్టె చెడ్డది. లేచి ఆ మాట కృష్ణయ్య మొహం మీదే అడిగేద్దామని మోకాలి మీద చెయ్యి ఆనించాడు. సగం లేచినవాడు అట్లాగే ఆగిపోయాడు.

అరె. దీక్షిత్ చెయ్యి వణకదు కదా!

పొద్దున్నే లేచి ఇనుప గుండ్లు ఎత్తే పిల్లగాడు వాడు. వాడి చెయ్యి వణికే చెయ్యి కాదు. ఇక కట్టె అంటావా, ఆ టేకును అడితిలో తట్టి చూసి ఏరింది తను, చిత్రిక పట్టింది తను. చిత్రిక కింద రిబ్బన్ చుట్టల్లా లేచొచ్చింది. అది పీచు కట్టె అంటే నమ్మడానికి తను నిన్న పుట్టలేదు. చెయ్యీ కాదు, కట్టే కాదు. మరి మిగిలిందేమిటి? ఆడలేక మద్దెల ఓడన్నాడంటారని భయపడి, నిన్నటి నుంచీ అతను మద్దెల వైపు సరిగ్గా చూడనే లేదు.

"దీక్షిత్, ఆ బిట్టు జర ఇటియ్యి."

తీసుకుని వాకిట్లోకి, ఎండలోకి నడిచాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. బిట్టును కంటి ముందు మెల్లగా తిప్పాడు.

నడిమి ముల్లు ఉంది. పదునూ ఉంది. కానీ చుట్టంచు మీద, అటొకటి ఇటొకటి నిలబడి ఉండాల్సిన రెండు చిన్న కోరలు లేవు. ఒకప్పుడు ఉన్న చోట నున్నగా, అద్దంలా మెరుస్తోంది. కట్టె బిట్టుకు ఆ కోరలే ప్రాణం. అవి ముందు తిరిగి, కత్తితో గీసినట్టు పీచును గుండ్రంగా కోస్తాయి. ఆ కోసిన గీత లోపలే వెనక వచ్చే పదును కట్టెను తోడుతుంది. కోరలు లేని బిట్టు కోయదు, పీకుతుంది. ఎంత పదునుగా ఉంటే అంత గట్టిగా పీకుతుంది. వేలికి తగిలిన ఆ పదునే తనను మోసం చేసింది.

ఎవరో దీన్ని సాన పట్టారు. కూరగాయల కత్తిపీటకు పట్టినట్టు పట్టారు. ఈ బిట్ల డబ్బా పగలు తన పక్కన ఉంటుంది, రాత్రి ఇంట్లో ఉంటుంది. కార్ఖానాలో ఎవరూ ముట్టరు. ఇక ఇంట్లో ఉండేది ఒక్క మనిషే.

"ఏంది సామ్యూలన్నా, ఒక్కనివే నవ్వుతున్నవ్?" అన్నాడు కృష్ణయ్య, అనుమానంగా.

"రేపు నేనొచ్చేదాకా ఆ తలుపును ఎవ్వరు ముట్టకుండ్రి సేఠ్" అన్నాడు సామ్యూల్. ఆ మాట అంత గట్టిగా ఎట్లా వచ్చిందో అతనికే తెలియదు. కృష్ణయ్య కూడా ఎందుకో సరేనని తలూపాడు.

సాయంత్రం ఇంట్లో రాహేలు ఒంటిపూట ఉపవాసంతో నీరసపడి, చాప మీద కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. సామ్యూల్ చెప్పులు కూడా విప్పకుండా వచ్చి బిట్టు ఆమె ముందు పెట్టాడు.

"గిది నువ్వేమన్న చేసినవా?"

ఆమె మొహం ఎంత వెలిగిందో! "ఇప్పుడు చూసినవా? మొన్న సానాయన గల్లీలకొస్తే కత్తెర, కత్తిపీట పట్టిపిస్తి. నువ్వు గూడ పదును పోయిందని గొణుగుతుంటివి గదా, నీ డబ్బా గూడ తీసిచ్చిన. ఎట్ల మెరుస్తున్నదో చూడు. నువ్వే చూసుకొని మురిసిపోతవని చెప్పకుంట ఊకున్న."

"దీనికి రెండు కోరలుండె. ఏడికి పోయినయ్?"

"గవా? అమ్మా, రెండు పక్కల వంకరగ లేచినయ్, సాఫ్ చేస్తనన్నడు. సరే చెయ్యి నాయినా అన్న." అంటూనే ఆమె గొంతు సన్నబడింది. మొగుడి మొహంలోకి చూసింది. బిట్టు వైపు చూసింది. "ఎందుకయ్యా? గవి ఉండాల్నా?"

సామ్యూల్ చెప్పాడు. చెబుతుంటే ఆమె చేతిలోని చిక్కుడుకాయలు చాప మీద జారిపోయాయి. రెండు చేతులతో నెత్తి కొట్టుకోబోయింది. "నా చేతులిరగ! నేనే నీ పని తీసినానయ్యా! నలుగుట్ల నిన్ను నేనే నవ్వులపాలు..."

సామ్యూల్ ఆ చేతులు పట్టుకుని ఆపాడు. కోపం వస్తుందేమోనని అతను దారి పొడుగునా చూసుకున్నాడు కానీ, ఎక్కడ వెతికినా కోపం లేదు. గుండెల మీంచి బండ దింపినట్టుంది.

"పిచ్చిదానా, ఏడుస్తవెందుకే? నా చెయ్యి మంచిగున్నది! సమజైతుందా? నా చెయ్యికి ఏం గాలే! నువ్వు డబ్బాడు బిట్లు కరాబ్ చేసినా సరే, చెయ్యి మంచిగున్నది!" అంటూ అంటూ అతనూ ఏడ్చాడు. తర్వాత ముక్కు తుడుచుకుని అన్నాడు, "చేసేదంత నువ్వు చేసి, మల్ల బాగు చెయ్యమని ఉపాసముంటివి. పైన దేవునికి ఎంత పరేషానైందో పాపం. ఈమె మొర ఇనాల్నా, ఈమెను తిట్టాల్నా అని."

రాహేలు ఏడుపు మధ్యలోనే ఫక్కున నవ్వింది. ఆ రాత్రి ఇద్దరూ చిక్కుడుకాయ కూరతో కడుపునిండా తిన్నారు.

పొద్దున్నే ఉస్మాన్‌గంజ్ కొత్త బిట్టు కొనడానికి బయల్దేరుతుంటే తనూ వస్తానంది రాహేలు. దవాఖానకు ఫోన్ చేసి సెలవు చెప్పింది. "చెడగొట్టింది నేను, కొనేకాడ నేనుండాలె" అని పంతం.

ఇనుప సామాన్ల దుకాణంలో రజాక్ భాయ్ గల్లా మీద మోచేతులు ఆనించి, "క్యా హోనా చాచా?" అన్నాడు.

"కట్టె బిట్టు భాయ్. లోహే కా నక్కో." ఇనుముది వద్దన్నాడు సామ్యూల్.

రజాక్ భాయ్ మూడు రకాలు పరిచాడు. మొదటిది ఏటవాలు మొన ఉన్నది. సామ్యూల్ ముట్టనైనా ముట్టలేదు. ఇనుముకు మంచిదే కానీ, కట్టె మీద పెడితే చుక్క దగ్గర నిలవక జారుతుంది, జారుతూ అంచును పీకుతుంది. రెండోది వెడల్పాటి రేకు బిట్టు. తలుపు గొళ్ళేలకు చాలు, దీపం ముందు నిలిచే బెజ్జానికి కాదు. మూడోది ముల్లూ, రెండు కోరలూ ఉన్నది. దాన్ని తీసి వెలుతురుకు పట్టి చూశాడు. ముల్లు నడిమధ్య ఉందా లేదా అని వేళ్ళ మధ్య దొర్లించాడు. తర్వాత కోరను బొటనవేలి గోరు మీద పెట్టి మెల్లగా లాగాడు. గోరు మీద తెల్లటి సన్నని గీత పడింది.

"రెండోది గూడ చూడు. ఒక్క కోర చూసి మోసపోకు" అంది రాహేలు వెనక నుంచి.

రజాక్ భాయ్ నవ్వాడు. "భాభీ కో సబ్ మాలూమ్ హై!"

"మాలూమైంది భాయ్. మస్తు కష్టపడి మాలూమైంది."

చిట్లిన బెజ్జాల కోసం ఇంకొకటి కూడా తీసుకున్నాడు సామ్యూల్. డబ్బా మూతలా గుండ్రటి చుట్టంచు ఉన్న బిట్టు అది. అడుగు చదునుగా, గోడ నున్నగా తొలుస్తుంది.

కార్ఖానాలో అందరూ ఎదురుచూస్తూనే ఉన్నారు. సామ్యూల్ వెంట భార్య రావడం చూసి పని ఆపారు. సామ్యూల్ కొత్త బిట్టు బల్ల మీద పెట్టి, "పాత బిట్టు కరాబైంది సేఠ్. కోరలు పోయినయ్. నేను చూసుకోలే" అన్నాడు. ఎట్లా పోయాయో చెప్పలేదు. చెప్పకూడదని దారిలోనే అనుకున్నాడు.

కృష్ణయ్య గడ్డం గోక్కున్నాడు. "బిట్టు సంగతి గాదన్నా. మల్ల చిట్లిందనుకో, పంతులుగారికి నేనేం జవాబు చెప్పాలె? నీ చెయ్యి..."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది కాక ముచ్చట" అన్నాడు దీక్షిత్ పక్కనవాడితో. మెల్లగానే అన్నాడు కానీ అందరికీ వినపడింది.

సామ్యూల్ నోరు విప్పకముందే రాహేలు ముందుకొచ్చింది. కొంగు నడుముకు దోపుకుంది.

"మద్దెల ఓడుదే బిడ్డా. ఓడు చేసింది నేను. సానాయనకు ఇచ్చి కోరలు తీపిచ్చిన, మా ఆయనకు చెప్పలే. తిట్టేదుంటే నన్ను తిట్టుండ్రి. నవ్వేదుంటే నన్ను చూసి నవ్వుండ్రి. గాని ఇంకొకపారి ఆయన చెయ్యి వణుకుతదని ఎవరన్న అంటే నేనూకోను. దవాఖానల వణికే చేతులు రోజూ కడుగుత నేను. నాకు తెల్వదా?"

ఎవరూ నవ్వలేదు. దీక్షిత్ తల వంచుకున్నాడు. కృష్ణయ్య దగ్గి, "సరే అమ్మా, చెయ్యనియ్యి" అన్నాడు.

సామ్యూల్ తొందరపడలేదు. ముందు ముక్క చెక్క మీద ఒకటి వేసి చూశాడు. తర్వాత తలుపు రెక్క బిగించాడు, కింద వేస్టు చెక్క ఒత్తుగా ఆనించాడు. గడి నడుమ పెట్టిన చుక్కలో ముల్లు నిలిపి, బిట్టును ముందు చేత్తోనే అర చుట్టు తిప్పాడు. కోరలు కట్టె మీద సన్నటి గుండ్రటి గీత గీశాయి. అప్పుడు మిషన్ నొక్కాడు. కీచుమనలేదు. సన్నగా, నిద్రలో ఊపిరి తీసినట్టు చప్పుడు. పొట్టు చుట్టలు చుట్టలుగా పైకి లేచొచ్చింది. ముల్లు అవతల పొడుచుకు రాగానే ఆపాడు, తిరగేశాడు, అటు నుంచి తొలిచాడు. చిన్న బిళ్ళ ఊడి కింద పడింది.

ఊదాడు. వేలు పెట్టి లోపల చుట్టూ తిప్పాడు. ఎక్కడా గుచ్చుకోలేదు.

ఆ తర్వాత అతను చిట్లిన బెజ్జాలను చుట్టంచు బిట్టుతో పెద్దవి చేసి, అదే టేకులోంచి తీసిన బిళ్ళలను గీతకు గీత కలిపి జిగురుతో కూర్చాడు. ఆరేలోపు మిగతా గళ్ళు తొలుచుకుంటూ పోయి, ఆరాక ఆ బిళ్ళలనూ మళ్ళీ తొలిచాడు. దీక్షిత్ అడగకుండానే వచ్చి చెక్క పట్టుకున్నాడు. రాహేలు గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, వెళ్ళమన్నా వెళ్ళలేదు.

విఠల్‌రావు సాయంత్రం వచ్చాడు. వచ్చీ రాగానే తలుపు దగ్గరికే నడిచి, వంగి, ఒక్కో బెజ్జం అంచునే వేలితో తడుముతూ పోయాడు. బిళ్ళలు కూర్చి మళ్ళీ తొలిచిన చోటును కూడా తడిమాడు, తెలుసుకోలేకపోయాడు.

"బ్రహ్మాండంగ వచ్చింది కృష్ణయ్యా. మీ మేనల్లుడేనా?"

ఒక్క క్షణం కార్ఖానా అంతా కృష్ణయ్య నోటి వైపు చూసింది. అవునంటే పోయేదేమీ లేదు. బిల్లు కట్టే పంతులుకు నిజంతో పనేముంది?

"కాదండి. సామ్యూలన్న" అన్నాడు కృష్ణయ్య. తర్వాత మింగలేక మింగుతూ అన్నాడు, "ఆ రోజు చెయ్యి వణుకుతదని నేను తప్పు చెప్పిన పంతులుగారూ. ఆయన చెయ్యికేం గాలే. మల్ల రెండో రెక్క గూడ ఆయనే చేస్తడు."

"అయ్యో, మంచిదే కదా!" అన్నాడు విఠల్‌రావు. సామ్యూల్ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

సామ్యూల్ కూడా దండం పెట్టబోయాడు. మిషన్ బల్ల మీద పెట్టి కుడిచేయి ఎత్తాడు. అప్పుడు వణికింది అది. మొన్నటి నుంచీ ఎంత చూసినా వణకని చెయ్యి, పొద్దుటి నుంచీ ఒక్క బెజ్జంలో కూడా తొణకని చెయ్యి, ఇప్పుడు పని అయిపోయాక, అందరి ముందూ గడగడలాడింది. రాహేలు స్టూలు మీంచి లేచి నిలబడింది. కృష్ణయ్య చూశాడు, దీక్షిత్ చూశాడు. సామ్యూల్ దాన్ని జేబులో పెట్టుకోలేదు.

"వణకనియ్యే" అన్నాడు భార్యతో, నవ్వుతూ. "పొద్దుగాలసంది ఆపుకున్నది, పాపం."

వణుకుతున్న చెయ్యిని రెండో చేతితో కలిపి పంతులుకు దండం పెట్టాడు.